పడుకోబెట్టిన అద్దాలు

ఆవిడ భయం సంగతి రేవులో తెలియనివాళ్లు లేరు. ఎవరైనా నిచ్చెన ఎక్కుతుంటే మెట్టు విరుగుతుందేమోనని భయం. దిగాక ఆ నిచ్చెనని నేల మీద పడేస్తే ఎవరి కాలికి తగులుతుందోనని భయం. వర్క్‌షాపు ఫిట్టరు ఒకసారి అననే అన్నాడు. "అక్కా, భయపడటానికి ఏమీ దొరకని రోజున, అదేంటి ఇవాళ ఏమీ లేదూ అని భయపడతావు కదా నువ్వు." ఆవిడకి కోపం రాలేదు. నిజమే కదా అనుకుని, పక్కనున్న స్టూలుని ఒకసారి కదిపి చూసి అప్పుడు కూర్చుంది.

అందరూ ఆవిడని అద్దాలమ్మ అంటారు. రేవులో నీళ్లలోకి దింపే ఇనప గది ఒకటుంది. ఇద్దరు మనుషులు మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే నిండిపోతుంది. గుండ్రంగా ఉంటుంది, పైన మూత బిగిస్తారు, అందుకని దాని పేరు కుండ అయింది. రేవు స్తంభాలు అడుగున బీటలు వారాయా, నీటి కింద వేసిన గొట్టాలు కదిలాయా అని చూడటానికి మనుషులు అందులో కూర్చుని చాలా నిలువుల లోతుకి దిగుతారు. కుండకి మూడు కిటికీలు. పక్కల రెండు, అడుగున ఒకటి. నాలుగు వేళ్ల మందాన గుండ్రటి గాజు పలకలు. కిందికి దిగేకొద్దీ సముద్రం బరువంతా వాటి మీదే ఆనుకుంటుంది. ఆ అద్దాలు కడగడం, ఆరబెట్టడం, దీపం పెట్టి చూడటం ఆవిడ పని. చూసి, "బాగుంది" అనాలి. ఆ మాట వచ్చాకే క్రేను కదులుతుంది.

ఆ ఒక్క మాట అనడానికి ఆవిడకి రోజూ నోట్లో తడారిపోయేది.

ఇంత పిరికి మనిషి ఆ పనిలోకి ఎలా వచ్చిందని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. వయసులో ఉండగా మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగేది. అక్కడ ఒక సీసాని నాలుగుసార్లు వెలుతురుకి పెట్టి చూస్తోందని, పని సాగడం లేదని తీసేశారు. ఆ మాట విని రేవులోని పాత మేస్త్రి కబురుపెట్టి పిలిపించాడు. "ధైర్యం ఉన్నవాళ్లు అద్దంలోంచి చూస్తారమ్మా. భయం ఉన్నవాళ్లు అద్దాన్ని చూస్తారు. నాకు అద్దాన్ని చూసేవాళ్లు కావాలి" అన్నాడు. ఆ మేస్త్రి పోయి చాలా కాలమైంది. ఆయన నేర్పిన పద్ధతులు మాత్రం ఆ అద్దాల గదిలో చెక్కు చెదరకుండా ఉన్నాయి.

వాటిలో ముఖ్యమైనది అద్దాల్ని పడుకోబెట్టడం.

సముద్రంలో తిరిగిన గాజు అలిసిపోతుందని మేస్త్రి నమ్మకం. ఉప్పు దాని ఒంట్లోకి దిగుతుంది, ఆ ఉప్పుని మెల్లగా బయటికి లాగాలి అనేవాడు. అందుకని పక్క కిటికీలకి రెండు జతల అద్దాలు ఉండేవి. ఒక జత పనిలో ఉంటే రెండో జత చెక్కపెట్టెలో పడుకునేది. పడుకోబెట్టే ముందు మంచినీళ్లతో కడిగి, చాకలి సోడా కలిపిన నీళ్లలో మెత్తటి గుడ్డ ముంచి, పిండి, పసిబిడ్డకి చుట్టినట్టు చుట్టాలి. గుడ్డ ఆరిపోకూడదు. అద్దాలమ్మ రోజూ పొద్దున్నే పెట్టె తెరిచి, గుడ్డ మీద చెయ్యి వేసి చూసి, పొడిగా తగిలితే మళ్లీ సోడానీళ్లు చిలకరించేది. కంటికి రెప్పలా చూసుకుంది అంటారే, అలా.

అడుగు కిటికీకి ఆ వైభోగం లేదు. దాని బోల్టులు ఎప్పుడో తుప్పుతో ఒకటైపోయి ఊడి రాలేదు. పని లేనప్పుడు కుండని రేవు గోడ పక్కన గొలుసుకి వేలాడదీసేవారు. అడుగు భాగం ఎప్పుడూ నీళ్లలోనే. ఆ అద్దానికి పాకుడు పట్టింది, గుల్లలు అంటుకున్నాయి. లోపల్నుంచి చూస్తే పచ్చగా, మసగ్గా ఉండేది. ఏళ్ల తరబడి కడుగూ తుడుపూ విశ్రాంతీ లేని ఆ గాజుని తలుచుకుంటే ఆవిడ గుండె జారేది. కుండ దిగిన ప్రతిసారీ, పైన రేవు గట్టు చెక్క మీద నిలబడి, ఇవాళ అదే పోతుంది అనుకునేది.

ఆ కుండలో దిగేది ఎవరో పరాయి మనిషైనా ఆవిడ ఇంతే భయపడేది. కానీ దిగేది పిట్ట.

పిట్ట ఆవిడ ఆడపడుచు. ఆవిడ కాపురానికి వచ్చేసరికి ఆ పిల్లకి ముందు పళ్లు ఊడి ఉన్నాయి, తల్లి లేదు. జడలు వేసింది, పేలు తీసింది, ఎక్కాలు వల్లె వేయించింది. వదినా అనే పిలిచేది గానీ, జ్వరం వస్తే అమ్మా అని మూలిగేది. ఆ పిల్లకి భయం అన్నది పుట్టలేదు. పెద్దయ్యాక కూడా మనిషి చిన్నగానే ఉండిపోయింది, ఒడుపు పెరిగింది. కుండలోకి సరిగ్గా అలాంటి మనిషే కావాలన్నారు.

ఉద్యోగం వచ్చిన రోజున వదినగారు అన్నం ముందు కూర్చుని కలిపింది కలిపినట్టే ఉంచేసింది. భర్త, పడవలకి గుడ్డ కప్పులు కుట్టే దర్జీ, మాట తక్కువ మనిషి. సూదిలో దారం ఎక్కిస్తూ, "నువ్వు చూసిన అద్దమేగా దాని ముందు ఉండేది. ఇంకెవరి చేతిలోనో ఉంటే నేనే వద్దనేవాణ్ణి" అన్నాడు.

"ఇంట్లో ఉన్న భయమంతా నువ్వే వాడేసుకుంటున్నావు వదినా. నాకు చిటికెడు కూడా మిగలడం లేదు. నేనేం చేసేది?" అంది పిట్ట, కంచంలోంచి ముద్ద తీసి ఆవిడ నోటికి అందిస్తూ.

ఆ రోజు నుంచి అడుగు అద్దం మార్చమని ఆవిడ పోరు మొదలైంది. రేవు సూపర్‌వైజరుని గడియారం అంటారు, ఎప్పుడూ టైము గురించే మాట్లాడతాడు కాబట్టి. ఆయన ఎక్కడ కనపడితే అక్కడ ఆవిడ ఎదురయ్యేది. "అయ్యా, ఆ కింది అద్దం." ఆయన చేతి గడియారం చూసుకుని పక్క దారిన వెళ్లిపోయేవాడు. చివరికి, కొత్త రకం రెంచీ ఏదో వచ్చి, ఫిట్టరు ఒక పొద్దున బోల్టులన్నీ ఊడదీశాడు.

"ఇదిగో నీ శత్రువు" అంటూ అడుగు అద్దాన్ని బల్ల మీద పెట్టాడు. "దీన్ని పారేసి, నీ పెట్టెలోంచి ఒక బంగారుకొండని తీసివ్వు. మధ్యాహ్నం మీ పిట్ట గొట్టం చూడటానికి దిగాలి. అన్నం తినొచ్చి బిగిస్తాను."

అతను వెళ్లాక ఆవిడ పెట్టెలోంచి ఒక అద్దం తీసి, గుడ్డ విప్పి, ఆరబెట్టింది. తర్వాత పాత అద్దం వైపు చూసింది. పారేసేదే. అయినా ఇన్నేళ్లు భయపెట్టినదాని మొహం ఒకసారి చూద్దామనిపించింది. చెక్కబద్దతో పాకుడు గీకింది. గుల్లలు ఒక్కొక్కటే ఊడదీసింది. కడిగి, తుడిచి, నల్లగుడ్డ మీద పెట్టి, అంచు దగ్గర దీపం పట్టింది. గీత ఉంటే, మచ్చ ఉంటే ఆ వెలుతురులో తెల్లగా మెరుస్తుంది. ఆవిడకి తెలిసిన పరీక్ష అదే.

ఏమీ మెరవలేదు. గుల్లలు అంటుకున్న చోట సన్నటి ఉంగరాల గుర్తులు నాలుగైదు, అంతే. మిగతా అద్దం ఉన్నట్టే లేదు. కింద నల్లగుడ్డ నేత పోగు పోగూ కనిపిస్తోంది. దీపం వెలగడం లేదేమో అనుకుని చెయ్యి అడ్డం పెట్టి చూసింది. వెలుగుతోంది.

అదే దీపాన్ని పెట్టెలోంచి తీసిన అద్దం అంచుకి పట్టింది.

అద్దం అంతా పాలు విరిగినట్టు తెల్లబారింది.

ఆ గదిలో అంత చల్లగా ఎప్పుడూ లేదనిపించింది ఆవిడకి. గుడ్డతో తుడిచింది. పోలేదు. అద్దాన్ని కిటికీ వెలుతురుకి వాల్చింది. నీటి గుంట మీద కిరసనాయిలు పడితే రంగులు తేలుతాయే, అలా ఊదా, పచ్చ, పసుపు రంగులు పాకుతున్నాయి. గోటితో గీరింది. గోటి కొస మీద ఉల్లిపొర కంటే పల్చటి రేకు లేచి వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే పొడి.

ఆ మసక కొత్తది కాదు. ఆవిడ రోజూ చూసినదే. సోడా మరక అనుకుంది. నాలుగు అద్దాలూ కొద్దికొద్దిగా, ఒక్కలాగే మసకేశాయి కాబట్టి దేన్ని చూసినా గాజు అంటే ఇలాగే ఉంటుంది అనుకుంది. పక్కన పెట్టి పోల్చడానికి మంచి అద్దం ఇవాళ్టిదాకా ఆ బల్ల మీదికి రాలేదు. పెట్టెలోని రెండోదాన్ని విప్పి చూసింది. అదీ అంతే. మిగిలిన జత కుండకి బిగించి ఉంది. వాటినీ ఈ చేతులే చుట్టాయి. మొన్న మొన్ననే ఈ నోరే బాగుంది అంది.

అప్పటికప్పుడే చెప్పడానికి పరిగెత్తి ఉండేది. కానీ ఇంకో భయం కాళ్లకి అడ్డం పడింది. ఒకవేళ పాతది పైకి మాత్రమే బాగుందేమో? నవ్వుతూ తిరిగే మనిషికి లోపల రోగం ఉండదా? పిట్ట కాళ్ల కింద దేన్ని పెట్టాలి? ఆవిడ కాసేపు ఒక అద్దం మీద ఒక చెయ్యి, రెండోదాని మీద ఇంకో చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఒకటి నున్నగా ఉంది. ఒకటి చేప పొలుసులా గరుగ్గా చేతికి తెలుస్తోంది. చివరికి ఆ చేతినే నమ్మి సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లింది.

ఆయన విన్నాడు. పూర్తిగా వినలేదు గానీ విన్నాడు.

"అద్దాలమ్మా, కింది అద్దం మార్చకపోతే కొంపలు మునుగుతాయన్నావు. మార్పిస్తున్నాను. ఇప్పుడు పాతదే మంచిది, పెట్టెలోవే చెడ్డవి అంటున్నావు. రేపొచ్చి అసలు కుండకి కిటికీలే వద్దంటావు. నాన్నా పులి కథ నీకు నేను చెప్పాలా?"

"పొర లేస్తోందండీ. గోరు పెడితే..."

"గోరు పెట్టకు మరి. టైము చూశావా?"

ఆవిడ వెనక్కి తిరిగింది. ఆయన్ని తప్పు పట్టడానికి కూడా లేదు. ఇన్నేళ్లలో ఆవిడ ఆయనకి చెప్పిన ప్రమాదాలు అన్నీ జరిగి ఉంటే రేవు అనేదే మిగిలేది కాదు.

పిట్ట బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చుని జడ ముడి వేసుకుంటోంది.

"ఏంటి వదినా, మొహం అలా ఉంది? క్రేను గొలుసుకి తుప్పు పట్టిందా, సముద్రంలో నీళ్లు ఎక్కువయ్యాయా?"

"ఇవాళ దిగకే."

"రోజూ చెప్పేదేగా. కొత్తది ఏదైనా చెప్పు."

"ఒక్కసారి వచ్చి చూడు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఛ, ఏం మాటలవి." పిట్ట లేచింది కానీ ఇంకా నవ్వుతూనే ఉంది. "గుర్తుందా, పెరట్లో పామని నువ్వు అరిస్తే అన్నయ్య కర్ర తెచ్చి చితక్కొట్టాడు. తీరా చూస్తే బట్టలారేసే తాడు. కొత్త తాడు వదినా అది."

"తాడుని చూసి పామనుకున్నాను, నిజమే. ఈసారి అలా కాదే. ఇన్నేళ్లూ పాముని తాడనుకుని గుడ్డలో చుట్టి పడుకోబెట్టాను."

పిట్ట నవ్వు అక్కడితో ఆగింది.

అద్దాల గదిలో ఆవిడ దీపం పిట్ట చేతికే ఇచ్చింది. పిట్ట ఒక అద్దం చూసింది, రెండోది చూసింది. గోరు ఆనించింది. రేకు లేచింది. దాన్ని ఊదితే గాల్లో రంగులు మెరిసి ఎటో పోయింది. ఆ పిల్లకి ముక్కు అద్దానికి ఆనించి చూడటం అలవాటు, కింద చీకట్లో అలా చూస్తేనే ఏమైనా కనపడుతుందని చెప్పేది. ఇప్పుడు తెలియకుండానే ముక్కు మీద చెయ్యి పెట్టుకుంది. ఆ పిల్ల మొహంలో అలాంటి చూపు ఆవిడ అంతకుముందు చూడలేదు. చూడాలని కోరుకున్న రోజులు ఉన్నాయి, ఈ పిల్లకి కాస్త భయం తెలిస్తే బాగుండునని. తీరా చూశాక ఆ చూపు వెనక్కి తీసేసుకోగలిగితే బాగుండుననిపించింది.

"నేను ఎక్కను" అని పిట్ట సూపర్‌వైజరుకి చెప్పింది. అద్దాలమ్మ చెబితే గాలికి పోయిన మాట పిట్ట నోట విని ఆయన గడియారం చూసుకోవడం మర్చిపోయాడు. ఆఫీసుకి ఫోను చేశాడు.

వచ్చింది ఇంజినీరమ్మ, చిన్న వయసు మనిషి. అద్దాల్ని రెండు వైపులా చూసింది. గుడ్డ వాసన చూసింది. సోడానీళ్ల డబ్బాలో వేలు ముంచి, చూపుడువేలు బొటనవేలితో రాసి, జారుతోందా అని చూసింది.

"గాజంటే ఇసకా, సోడా, సున్నం కలిపి కరిగించిందే కదమ్మా. నీళ్లు తగిలితే అందులో సోడా మెల్లగా బయటికి వస్తుంది. సముద్రంలో అయితే వచ్చింది వచ్చినట్టు కొట్టుకుపోతుంది. తడిగుడ్డలో ఎక్కడికి పోతుంది? అక్కడే ఊరి, ఘాటెక్కి, ఇక గాజులో ఉన్న ఇసకనే తినడం మొదలుపెడుతుంది. పైగా మనం రోజూ ఇంకాస్త సోడా పోశాం. సముద్రం కూడా తింటుంది, తినదని కాదు. కానీ అది తినేది చాలా నెమ్మదిగా." ఒక్క క్షణం ఆగింది. "నేను కుండని తనిఖీ చేసిన ప్రతిసారీ ఆ పెట్టె పక్కనుంచే నడిచాను. తెరిచి చూడలేదు."

ఆ మధ్యాహ్నం కుండని ఖాళీగా దింపుదామంది. పాత అద్దాన్ని చుట్టూ కొత్త రబ్బరు పట్టీ వేసి దాని చోటే బిగించారు. పక్కలకి ఉన్న జత ఉన్నట్టే ఉంచారు.

గొలుసు దిగింది. నీళ్లు మూత మీద కలుసుకున్నాయి. ఖాళీ కుండే, లోపల ఎవరూ లేరు. పిట్ట ఆవిడ పక్కనే నిలబడి ఉంది, మోచెయ్యి తగులుతోంది. అయినా ఆవిడ చూపు నీళ్లు వదల్లేదు. బుడగలు వచ్చాయి. ఫిట్టరు ఏదో జోకు వేయబోయి మానేశాడు.

పైకి లాగి మూత తీశాక మొదట ఇంజినీరమ్మ తొంగి చూసింది. తర్వాత సూపర్‌వైజరు. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎడమ కిటికీ గాజులో, బయటి వైపు నుంచి లోపలికి, తెగిన వెంట్రుక లాంటి వంపు గీత. అది ఇంకా పూర్తిగా విరగలేదు. కానీ దాని కింద ఇనప గోడ మీద సన్నటి తడి జాడ. పిట్ట కూర్చుని పాదాలు పెట్టుకునే చోట నీళ్లు నిలిచి ఉన్నాయి. అడుగు అద్దం మీద నిలిచిన ఆ కాసిని నీళ్లలోంచి రేవు అడుగు దాకా కనపడుతోంది.

ఎవరూ ఆవిడని మెచ్చుకోలేదు, ఎవరూ తిట్టలేదు. ఫిట్టరు మాత్రం ఒక గుడ్డ తెచ్చి ఆ నీళ్లు అద్దుతూ కూర్చున్నాడు, అవసరం లేకపోయినా.

ఆ తర్వాత భయం ఆవిడకి వెనక్కి నడిచింది. అంతకుముందు ఎప్పుడూ రేపటి గురించే భయపడేది. ఇప్పుడు జరిగిపోయిన రోజులన్నీ ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా కూర్చున్నాయి. పిట్ట పుట్టినరోజున దిగింది. తుపాను వెళ్లిన మర్నాడు దిగింది. పెద్ద స్తంభం చూడటానికి అందరికంటే లోతుకి దిగింది. ఆ రోజులన్నిట్లోనూ ఆవిడ అడుగు అద్దాన్ని తలుచుకుని వణికింది. పక్క అద్దాల సంగతి ఒక్కసారి కూడా తలుచుకోలేదు. అవి హాయిగా నిద్రపోయి లేచినవి కదా అనుకుంది. భర్త మిషను తొక్కుతూ మధ్యలో ఆగి, "జరగలేదుగా" అన్నాడు. "జరగలేదు" అంది. దానివల్ల ఏమీ తగ్గలేదు.

కొన్నాళ్లకి పక్క కిటికీలకి కొత్త అద్దాలు వచ్చాయి. చెక్కపెట్టెని ఆవిడే విప్పి, పలకలు విడదీసి, ఎండలో పడేసింది. కడిగిన అద్దాన్ని బాగా ఆరబెట్టి, గాలి తగిలేలా చట్రంలో నిలబెట్టాలని ఇంజినీరమ్మ చూపించింది.

మనుషులతో మొదటిసారి దింపే రోజున ఇంజినీరమ్మ అంది, "లోతులో ఉన్నప్పుడు అద్దాన్ని లోపల్నుంచి దీపం పెట్టి చూసేవాళ్లు ఒకరు కావాలి. పిట్ట టెలిఫోనూ మీటలూ చూసుకోవాలి. ఇంకెవరైనా..."

పిట్టతో ఎప్పుడూ దిగే అతను బూటు లేసు కట్టుకుంటూ తల ఎత్తలేదు. ఫిట్టరు తన లావు నడుము తడుముకుని, దొరికిన సాకుకి సంతోషించాడు. "నేనొక్కదాన్నే చూసుకుంటాలెండి" అంది పిట్ట. గొంతులో మునుపటి హుషారు లేదు.

అద్దాలమ్మకి రేవు గట్టు మీది ఆ చెక్క గుర్తొచ్చింది. అక్కడ తను నిలబడటం, టెలిఫోను తీగలోంచి వచ్చే గరగర వినడం, మాట ఆగిపోతే ఆ ఆగిపోయినంతసేపు చచ్చి బతకడం, అంతా కళ్లకి కట్టింది.

"నేను దిగుతాను" అంది.

ఫిట్టరు నోరు తెరిచాడు. "అక్కా, బకెట్టు అంచు దాకా నిండినా భయపడే మనిషివి నువ్వు."

"పైనుంటే మాత్రం భయపడనా? ఎలాగూ భయపడేదాన్ని. పనికొచ్చే చోట కూర్చుని భయపడతాను."

మూత బిగించిన చప్పుడు ఆవిడ వెన్నులో తగిలింది. ఊపిరి తీసుకుంటే రబ్బరు వాసన. మోకాళ్లు పిట్ట మోకాళ్లకి ఆనుకున్నాయి. వెలుతురు పచ్చబడింది, తర్వాత నీలం, తర్వాత ఆ నీలం కూడా నల్లబడటం మొదలైంది. ఎక్కడో ఇనుము మూలిగింది.

"అదేంటి?"

"కుండ. దానికి ఆకలేస్తే అంతే."

"నిజం చెప్పవే."

"బరువు పడితే సర్దుకుంటుంది వదినా. రోజూ చేసేదే."

కాళ్ల కింద అడుగు అద్దం, దాని కింద ఏమీ లేనంత చీకటి. ఆవిడ కాళ్లు పక్కకి లాక్కోబోయింది, లాక్కోవడానికి చోటు లేదు. దీపం తీసి అంచుకి పట్టింది. గుల్లల ఉంగరాలు మెరిశాయి. వాటిని ఒక్కొక్కటే వేలితో తడిమింది. అవే, అన్నే. కొత్తగా ఏమీ లేదు. రబ్బరు చుట్టూ వేలు తిప్పింది. పొడి.

"కింది అద్దం బాగుందని చెప్పు" అంది. పిట్ట ఆ మాట టెలిఫోనులో చెప్పింది.

ఇంకోసారి ఇనుము మూలిగింది. ఆవిడ పిట్ట చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కూడా చల్లగా, తడిగా ఉంది. అది చెమట అని తెలియడానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది.

"భయమేస్తోందా వదినా? పైకి లాగమననా?"

"వేస్తోంది" అంది ఆవిడ. "ఉండు. ఎడమ వైపుది చూడాలి ఇంకా. నీ తల కొంచెం వంచు, దీపానికి అడ్డం వస్తోంది."